దాదీ మెహర్ నోట్లు

ఆదివారం పొద్దున మా నారపల్లి ఇంటి గేటు దగ్గర ఎవరో ఒకరు నిలబడతారు. చేతిలో ప్లాస్టిక్ కవరు. అందులో మడతల దగ్గర చిరిగిపోయిన పాత కాగజాలు. "సాబ్, మా తాత కాలం నాటివి. ఉర్దూల ఉన్నయి. జర చదివి చెప్తరా?" అంటారు.

ఉప్పల్ నుంచి ఘట్‌కేసర్ దాకా వరంగల్ రోడ్డుకు రెండు పక్కలా భూమిని ఎకరాల్లో కాక గజాల్లో మాట్లాడుకోవడం మొదలైనప్పటి నుంచి ఈ రాకపోకలు పెరిగాయి. సేత్వార్, 1954-55 ఖాస్రా పహాణీ, నిజాం సర్కారు స్టాంపు కాగితాల మీద రాసుకున్న బైనామాలు... అన్నీ ఉర్దూలోనే. చదివేవాళ్లు తగ్గిపోయారు. నేను పదో తరగతి దాకా ఉర్దూ మీడియం, డిగ్రీలో తెలుగు. పొట్టకూటికి తెలుగు పత్రికలో పని. అందుకని చదివి, తెలుగులో రాసి ఇస్తాను. పైసలు తీసుకోను. ఛాయ్ మాత్రం మా ఇంట్లోనే తాగి వెళ్లమంటాను.

ఊరివాళ్ల కాగజాలు ఇన్ని చదివాను గానీ, నా ఇంట్లో ఉన్న ఒక్క కాగజాన్ని ఇరవై ఏళ్లకు పైగా తప్పుగా చదివాను. దాని గురించే ఈ రాత.

మా దాదీ 2003లో అల్లాహ్ దగ్గరికి వెళ్లిపోయింది. ఆమె రేకు సందూక్ నా వాటాకు వచ్చింది. వాటా అంటున్నాను గానీ, నిజానికి ఎవరికీ అక్కర్లేక నా గదిలో పెట్టారు. అడుగున ఆకుపచ్చ గుడ్డలో కట్టిన చిన్న పోట్లీ ఉంది. విప్పితే నోట్లు. వంద రూపాయలది ఒకటి, పదివి పన్నెండు, అయిదువి రెండు. మొత్తం 230 రూపాయలు. మన గాంధీ బొమ్మ నోట్లు కావు. సిక్కా ఉస్మానియా. వాటితో పాటు నాలుగు మడతలు పెట్టిన ఒక సియాహా. అంటే ఖాజీ సాబ్ రాసిచ్చిన నికాహ్ కాగితం. తారీఖు ఇస్ఫందార్ 1350 ఫస్లీ. ఇంగ్లీషు లెక్కలో 1941 జనవరి.

నా శౌఖ్ ఆ పోట్లీతోనే మొదలైంది. ఆ పది రూపాయల నోటును ఎన్ని రాత్రులు దీపం కింద పెట్టుకుని చూశానో. ఉర్దూ పెద్దగా, మధ్యలో ఠీవిగా ఉంటుంది. రూపాయల లెక్క తెలుగులో, మరాఠీలో, కన్నడలో కూడా ఉంటుంది. బడిలో నేను చదివిన భాష, కాలేజీలో నేను చదివిన భాష ఒకే కాగితం మీద కూర్చుని ఉన్నాయి. డిగ్రీలో "నువ్వు తురకోడివి, నీకు తెలుగెందుకు?" అని అడిగిన దోస్తులకు చూపించడానికి ఆ నోటు అప్పుడు నా జేబులో ఉంటే బాగుండేదనిపించింది.

తర్వాత తెలుసుకుంటూ పోయాను. మొదటి ప్రపంచ యుద్ధంలో వెండికి కరువు వచ్చింది. రూపాయి నాణెం అంటే వెండి. వెండి లేకపోతే రూపాయి ఎక్కడిది? అందుకే 1918లో నిజాం సర్కారు కాగితం కరెన్సీ చట్టం చేసి నోట్లు తెచ్చింది. ముందు పది, వంద. మరుసటి ఏడాది ఒకటి, అయిదు. 1926లో వెయ్యి. మన రూపాయిని జనం 'హాలీ' అన్నారు, ఇంగ్లీషువాళ్ల రూపాయిని 'కల్దార్' అన్నారు. 116 రూపాయల 10 అణాల 8 పైల హాలీ ఇస్తే 100 కల్దార్ వచ్చేవి. అంటే ఏడు హాలీలకు ఆరు కల్దార్. మా పెద్దవాళ్లు కూరగాయల బేరంలో కూడా "హాలీయా, కల్దారా?" అని అడిగేవాళ్లట.

ఆ నోట్లలో కొన్ని లండన్‌లో అచ్చయి ఓడలో వస్తుండగా, 1922 మే నెలలో ఆ ఓడ ఫ్రాన్స్ తీరం దగ్గర ఇంకో ఓడకు గుద్దుకుని మునిగింది. ఓడ పేరు ఈజిప్ట్. పదేళ్ల తర్వాత ఇటలీ గజ ఈతగాళ్లు సముద్రం అడుగున బంగారం కోసం దిగితే, బంగారంతో పాటు హైదరాబాద్ నోట్లు కూడా బయటికి వచ్చాయి. ఉప్పునీళ్లలో నానిన ఆ నోట్లకు ఈ రోజు వేలంలో మంచి ధర పలుకుతుంది. నా దగ్గర ఒక్కటీ లేదు. నా జీతానికి అందేవి కావు.

నాకు అందినవి జుమ్మేరాత్ బజార్‌లో, ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్ పుస్తకాల మధ్యలో దొరికినవే. సాహుకారు హుండీలు, శిస్తు రసీదులు, హైదరాబాద్ స్టేట్ బ్యాంకు పాత చెక్కులు. 1942లో పని మొదలుపెట్టిన ఆ బ్యాంకే తర్వాత స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అయ్యింది, 2017 ఏప్రిల్ 1న ఎస్‌బీఐలో కలిసిపోయింది. ఒక రూపాయి నోట్లు మాత్రం దస్తఖత్‌ల కోసం వెతికేవాడిని. గులామ్ ముహమ్మద్ దస్తఖత్ ఉన్న నోటు ఒకటి దొరికింది. ఆయన తర్వాత పాకిస్తాన్ గవర్నర్ జనరల్ అయ్యాడు. జాహిద్ హుసేన్‌ది ఒకటి. ఆయన పాకిస్తాన్ స్టేట్ బ్యాంకుకు మొదటి గవర్నర్. మెల్కోటేది ఒకటి. ఆయన స్వాతంత్ర్య సమరయోధుడు, బూర్గుల మంత్రివర్గంలో ఆర్థిక మంత్రి. అదే నోటు, అదే రంగు. కింద దస్తఖత్ పెట్టిన చేతులు ఎటెటో వెళ్లాయి. నోటు ఇక్కడే ఉండిపోయింది, మా దాదీ లాగే.

షికాగోలో ఉండే మా మామూ కొడుక్కి నా పిచ్చి తెలుసు. మూడేళ్ల కింద వచ్చినప్పుడు ఒక అమెరికా నోటు తెచ్చాడు. డాలరే గానీ ఈనాటి డాలర్ కాదు. అమెరికా అంతర్యుద్ధంలో బానిసత్వం కావాలని విడిపోయిన దక్షిణ రాష్ట్రాలు, కాన్ఫెడరేట్ సర్కారు, 1862లో వేసిన వంద డాలర్ల నోటు. దాని మీద రాసిన షర్తు చదివి ఇద్దరం నవ్వుకున్నాం. మాకూ అమెరికాకూ శాంతి ఒప్పందం ఖరారైన ఆరు నెలలకు ఈ డబ్బు చెల్లిస్తాం, రోజుకు రెండు సెంట్ల వడ్డీ ఇస్తాం అని. ఆ ఒప్పందం ఎన్నటికీ జరగలేదు. వాళ్లు ఓడిపోయారు. 1868లో అమెరికా రాజ్యాంగానికి చేసిన 14వ సవరణ, ఆ తిరుగుబాటు అప్పులు ఏవీ చెల్లవని రాసి పారేసింది.

నవ్వు అయిపోయాక నోటు మధ్యలో బొమ్మ చూశాను. పత్తి చేలో బానిసలు పారలతో తవ్వుతున్నారు. నోటు పట్టుకున్నవాడి బాకీ గురించి చట్టం మాట్లాడింది. బొమ్మలో ఉన్నవాళ్ల కూలీ బాకీ మాట? ఆ రోజు ఆ సవాల్ నాకు అమెరికా సవాల్ లాగే కనిపించింది. ఆల్బమ్‌లో పెట్టి మూసేశాను.

మొన్నటి రంజాన్‌లో మా బిటియా జకాత్ లెక్క వేస్తూ కూర్చుంది. ఇంటర్ చదువుతోంది, లెక్కల్లో నాకంటే చురుకు. అమ్మ బంగారం రాసింది, బ్యాంకులో ఉన్నది రాసింది. తర్వాత "అబ్బా, మీ ఆల్బమ్?" అంది. ఇది తిజారత్ కాదమ్మా, శౌఖ్ అన్నాను. "కానీ పోయిన నెల ఒకాయన దాదీ అమ్మ నోట్లకు ధర చెప్పాడు కదా, మీరే అన్నారు." నిజమే. నాణేల ఎగ్జిబిషన్‌లో ఒక వ్యాపారి ఆ వంద నోటు ఫోటో చూసి, మొత్తం పోట్లీకి కొత్త మోటార్ సైకిల్ వచ్చేంత డబ్బు ఇస్తానన్నాడు. నేను అమ్మనని అన్నాను. అమ్మననడం గొప్పగా కూడా అనిపించింది. "సరే, అమ్మకపోయినా ఇవి మీవే కదా?" అని బిటియా అడిగింది.

నా నోట్లో మాట ఉంది, మావే అని. ఆ సాయంత్రం ఇఫ్తార్‌కు నాచారం నుంచి మా ఛోటీ ఫుప్పూ వచ్చింది. దాదీ పిల్లల్లో ఇప్పుడు మిగిలింది ఆమె ఒక్కతే. మా అబ్బా, బడీ ఫుప్పూ ఇద్దరూ మర్హూమ్. మగ్రిబ్ తర్వాత బల్ల మీద తెరిచి ఉన్న ఆల్బమ్ చూసి ఫుప్పూ కళ్లద్దాలు అడిగింది. చాలాసేపు చూసింది. వేలితో ప్లాస్టిక్ పైనుంచే ఆ వంద నోటును తడిమింది.

"యే తో అమ్మీ కే మెహర్ కే హైఁ, బాబా. నీ కాడికెట్ల వచ్చినయి?"

మెహర్ అప్పుడే ఇచ్చేశారు కదా ఫుప్పూ, సియాహాలో ఉంది అన్నాను. తెచ్చి చూపించాను. 'మబ్లగ్ పాంచ్ సౌ పచ్చీస్ రూపయే సిక్కా ఉస్మానియా' అని ఉంది. ఆ పక్కన 'ముఅజ్జల్' అని రాసి ఉంది. ముఅజ్జల్ అంటే వెంటనే ఇవ్వాల్సింది. దాదా అక్కడికక్కడే ఇచ్చి ఉంటాడని నేను ఇన్నాళ్లూ అనుకున్నాను.

ఫుప్పూ అయిదో జమాత్ దాకే చదివింది. కానీ ఖురాన్ రోజూ చదివే కళ్లు అవి. కాగితాన్ని బల్బు కిందికి జరిపి "ఇది ఐన్ కాదు బాబా. వావ్. మీద హమ్జా చూడు" అంది.

ఉర్దూ తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. తెలియని మన పిల్లల కోసం చెబుతున్నాను. మెహర్ రెండు రకాలు. ఒకటి నికాహ్ అవుతూనే ఇవ్వాల్సింది. ఇంకోటి తర్వాత ఇస్తానని మాట తీసుకునేది. మన నోట్లో రెండింటి పేరూ దాదాపు ఒకటే పలుకుతుంది. రాతలో ఒక్క అక్షరం తేడా. ఐన్ ఉంటే వెంటనే, హమ్జా ఎక్కిన వావ్ ఉంటే వాయిదా. ఖాజీ సాబ్ వేగంగా రాసిన ఆ ఒక్క అక్షరాన్ని నేను ఐన్ అనుకున్నాను. ఊరి భూముల సరిహద్దులు చదివి చెప్పే నేను! అది ఐన్ అయితే ఇంటికి బాకీ లేదు. వావ్ అయితే బాకీ ఉంది. మనకు పనికొచ్చే అక్షరమే మన కళ్లకు కనిపిస్తుంది కాబోలు.

ఫుప్పూ చెప్పింది. దాదాకు ఎడ్లబండి ఉండేది. ఘట్‌కేసర్ నుంచి ఉప్పల్ దాకా, ఇంకా లోపలికి కూరగాయలు తోలేవాడు. పెళ్లయిన పన్నెండు, పదమూడేళ్లకు ఒక బర్రెను అమ్మిన రోజు, దాదీ చేతిలో 230 హాలీ పెట్టి "మెహర్‌లో జమ కట్టుకో, మిగతాది ఇన్షాఅల్లా" అన్నాడట. దాదీ ఆ డబ్బును ముట్టుకోలేదు. 1957లో నయా పైసలు వచ్చాయి. అప్పుడు ఫుప్పూకు పదకొండేళ్లు. బడిలో వంద పైసల లెక్క నేర్పిస్తున్నారు. బజార్‌లో హాలీ తీసుకోవడానికి దుకాణదారులు మొహం చిట్లిస్తున్నారు. 1959తో సిక్కా ఉస్మానియా కథ పూర్తిగా ముగిసింది. అంతకు ముందు దాదా ఎన్నోసార్లు అడిగాడట, ఇవ్వు, బ్యాంకులో మార్పించుకొస్తా అని. దాదీ ఇవ్వలేదు.

ఇక్కడ నేను ఆపాను. ఎందుకు ఫుప్పూ? దాదీకి తెలియదా అవి పనికిరాకుండా పోతాయని?

"ఎందుకు తెల్వదు? నేనే అడిగిన. 'మార్పిస్తే కొత్త పైసలొస్తయి బేటీ. అవి ఇంట్ల కలిసిపోతయి. బియ్యమైతయి, ఎద్దుకు గడ్డైతయి. ఇవైతే నావని తెలుస్తది' అన్నది."

నేను ఆ నోట్ల గురించి నాణేల మిత్రులకు ఎన్నిసార్లు చెప్పానో. మా దాదీ అమాయకురాలు, మార్పించుకోవాలని తెలియక దాచిపెట్టింది, అందుకే ఇవి మిగిలాయి అని. అందరూ నవ్వేవాళ్లు, నేనూ నవ్వేవాడిని. ఆమెకు లెక్క తెలుసు. జిందగీలో తనది అనుకున్న ఒకే ఒక్క సొత్తును, చెల్లకుండా పోతుందని తెలిసీ తనదిగానే ఉంచుకుంది.

మరి మిగతా 295? ఫుప్పూ కాసేపు మాట్లాడలేదు. దాదా జనాజా లేచే ముందు ఆడవాళ్లు దాదీని మయ్యిత్ దగ్గరికి తీసుకెళ్లి "మెహర్ మాఫ్ కర్ దో" అన్నారట. మన ఇళ్లల్లో ఈ రివాజ్ అందరికీ తెలిసిందే. నలభై ఏళ్లు కలిసి బతికిన మనిషి కఫన్‌లో ఉంటే, చుట్టూ అంతమంది ఏడుస్తుంటే, ఏ ఆడమనిషి లేదంటుంది? "అమ్మీ ఏమన్నది?" అని అడిగాను. "ఏమనలే. ఏడ్చింది. వాళ్లు మాఫ్ అయిందన్నరు."

ఆ రాత్రి తరావీహ్ నుంచి వచ్చాక నిద్ర పట్టలేదు. రోడ్డు మీద ఫ్లైఓవర్ స్తంభాల మధ్య లారీలు పోతున్న చప్పుడు వింటూ కూర్చున్నాను. జర్నలిస్టుగా హైదరాబాద్ ఫండ్స్ కేసు వార్త రాసిన రోజు గుర్తొచ్చింది. 1948 సెప్టెంబర్ 20న నిజాం సర్కారు పేరు మీద ఉన్న పది లక్షల పౌండ్లకు పైగా సొమ్ము లండన్ బ్యాంకులో పాకిస్తాన్ హైకమిషనర్ ఖాతాకు మారింది. సంస్థానం పోయింది, నిజాం పోయాడు, ఆ ఖాతా అలాగే ఉంది. 2019 అక్టోబర్ 2న లండన్ హైకోర్టు ఆ సొమ్ముపై హఖ్ పాకిస్తాన్‌ది కాదని, భారత్‌దీ నిజాం వారసులదీ అని తీర్పు చెప్పింది. అప్పటికి అది మూడున్నర కోట్ల పౌండ్లు అయ్యింది. రాజ్యం పోయినా బాకీ పోదు అని నేనే హెడ్డింగ్ పెట్టాను. రాజుల బాకీకి డెబ్బై ఏళ్ల తర్వాత కూడా అడిగేవాళ్లు ఉన్నారు. బండి తోలేవాడి బీవీ మెహర్‌కు?

తెల్లారి కాగితం తీసుకుని లెక్క రాశాను. ఇద్దరు ఆలిములను అడిగాను. ఒకరు రూపాయికి రూపాయే లెక్క అన్నారు, ఇంకొకరు వెండి లెక్క చూడమన్నారు. నేను ఫత్వా చెప్పేవాడిని కాదు. నా మనసుకు నేను చెప్పుకున్నది మాత్రం చెబుతాను. నికాహ్ రోజున సిక్కా అంటే వెండి. ఆ కాలం హాలీ రూపాయి బరువు 11 గ్రాముల పైచిలుకు, అందులో వెండి వెయ్యికి 818 పాళ్లు. 295 రూపాయలంటే దాదాపు 2 కిలోల 700 గ్రాముల వెండి. అప్పటికి కిలో వెండి లక్ష దాటింది. రూపాయికి రూపాయి లెక్క కడితే మా ఇంట్లో ఒకరోజు కూరల ఖర్చు. వెండిలో కడితే నా ఆరేడు నెలల జీతం. ఈ రెండు లెక్కల మధ్యే దాదీ జిందగీ అంతా ఉంది.

వెండి లెక్కే తీసుకున్నాను. దాదీ తర్కాలో కొడుక్కు రెండు పాళ్లు, కూతుళ్లకు ఒక్కోటి. ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్లు, అంటే నాలుగు పాళ్లు. నోట్లు కూడా ఆ లెక్కలోనే. సగం అబ్బా వైపు మాకు, పావు ఛోటీ ఫుప్పూకు, పావు బడీ ఫుప్పూ పిల్లలకు. వ్యాపారి చెప్పిన ధర కట్టి, వెండి ధర కలిపి, వాళ్ల హిస్సా రాసి, ఈద్ తర్వాత ఇద్దరి ఇళ్లకూ వెళ్లాను. ఒక్కసారిగా ఇవ్వలేను, పది నెలల్లో ఇస్తానని కాగితం మీద రాసిచ్చాను. తారీఖుతో, దస్తఖత్‌తో. బడీ ఫుప్పూ పెద్దకొడుకు "ఇదేంది భాయ్, మేం అడిగినమా?" అని నొచ్చుకున్నాడు. అడగలేదు కాబట్టే, అన్నాను. ఛోటీ ఫుప్పూ డబ్బు గురించి ఏమీ అనలేదు. ఒక పది రూపాయల నోటు మాత్రం అడిగి తీసుకుంది. ప్లాస్టిక్ కవరు వద్దంది. రుమాలులో కట్టుకుంది.

ఆల్బమ్‌లో ఆ పేజీ కింద నేను మొదట్లో రాసుకున్న చీటీ ఉండేది, 'నా కలెక్షన్‌లో మొదటిది' అని. అది తీసేశాను. ఇప్పుడు దాదీ పేరు, 'బాబత్ మెహర్' అని ఉంది.

ఈ కథను ఇక్కడ ముగిస్తే నన్ను మీరందరూ మెచ్చుకుంటారు. కానీ ఇంకో కాగజ్ ఉంది. నాచారం నుంచి తిరిగి వచ్చేటప్పుడు బైక్ మీద అది గుర్తొచ్చింది. దాదా ఇల్లు, ఇప్పుడు నేను ఉంటున్న ఈ నారపల్లి ఇల్లు. దాదీ పోయిన మరుసటి ఏడాది ఫుప్పూలిద్దరూ హఖ్ వదులుకుంటున్నామని దస్తఖత్ పెట్టిన దస్తావేజు నా బీరువాలో ఉంది. ఆ రోజు వాళ్లను ఆటోలో తీసుకెళ్లి తీసుకొచ్చింది నేనే. దారిలో కూల్ డ్రింక్ తాగించాను. ఇద్దరూ ఏమీ అనలేదు. అబ్బా, "ఖుషీసే దియే" అన్నారు. జనాజా దగ్గర దాదీ కూడా ఏమీ అనలేదు.

మీ ఇంట్లో కూడా ఏదో సందూక్ ఉంటుంది. అందులో ఉర్దూ కాగజాలుంటే నా దగ్గరికి తీసుకురండి, తప్పకుండా చదివి చెప్తాను. ఈసారి ఐన్‌నూ వావ్‌నూ రెండుసార్లు చూస్తాను. అందులో సియాహా ఉంటే మాత్రం, చదివించేటప్పుడు ఇంట్లో ఆడవాళ్లను కూడా పక్కన కూర్చోబెట్టుకోండి.

నా బీరువాలోని ఆ దస్తావేజు ఉర్దూలో లేదు. శుద్ధమైన తెలుగులో, టైపు చేసి ఉంది. చదవడం రాలేదని నేను ఎవరికీ చెప్పలేను. వచ్చే ఆదివారం ఛోటీ ఫుప్పూను ఇంటికి రమ్మన్నాను. దువా చేయండి.